ఇంటికి రావే, చుక్కా

లోవిసా జుట్టు కత్తిరించుకున్న ఫొటో పేపర్లో పడిన రోజు గున్నెల్ ఏడవలేదు, ఎవర్నీ తిట్టలేదు. కేకు చేసింది. కొంప మునిగిందని తోచినప్పుడల్లా కేకు చేయడం ఆవిడ అలవాటు. ఆ సాయంత్రమే చర్చి పక్క హాల్లో అభిమాన సంఘం సమావేశం పెట్టి, అందరి చేతుల్లో కాఫీ కప్పులు కుదురుకున్నాక, "మన పిల్ల దారి తప్పింది," అంది ఎంతో నెమ్మదిగా.

మన పిల్ల అంటే లోవిసా. పన్నెండేళ్ళ వయసులో రెండు జడలేసుకుని, మోకాళ్ళ దాకా తెల్ల మేజోళ్ళు తొడుక్కుని, టీవీలో 'ఇంటికి రావే, చుక్కా' అని పాడి స్వీడన్ మొత్తాన్ని ఊపేసిన పిల్ల. కొండ మీద మేతకు పోయిన ఆవుల్ని ఆడవాళ్ళు సన్నటి గొంతుతో "ఊ... ఊ... హోయ్" అని ఇంటికి పిలిచే పిలుపొకటి ఆ ప్రాంతంలో ఉంది. చుక్క అనే ఆవుని పిలుస్తున్నట్టు ఆ పిలుపుకి డిస్కో దరువు కట్టి పాడింది. అప్పట్నుంచీ ఆమె పేరే చుక్క అయిపోయింది. పన్నెండేళ్ళూ అవే జడలు, అవే మేజోళ్ళు, అలాంటి పాటలే. ఇప్పుడు ఇరవై నాలుగేళ్ళది. జుట్టు చెవుల పైకి కత్తిరించుకుంది, నల్లకోటు వేసుకుంది, దరువు తీసేసి, గొంతు దించి, నెమ్మదైన పాటలతో కొత్త రికార్డు చేసింది. మనిషి పెద్దదైంది, అంతే. కానీ ఆ ముక్క ఆ హాల్లో అనే ధైర్యం ఎవరికుంది?

చుక్క అభిమాన సంఘమంటే ఆషామాషీ కాదు. అధ్యక్షురాలుంది, కార్యదర్శి ఉన్నాడు, తీర్మానం అయ్యాక బల్ల మీద కొట్టడానికి చెక్క సుత్తి ఉంది. అధ్యక్షురాలు గున్నెల్ బడిలో సంగీతం చెప్పి రిటైరైన మనిషి కాబట్టి, పోనుపోను సంఘాన్ని బృందగానంగా మార్చేసింది. లోవిసా ఏ ఊళ్ళో పాడినా వందమందీ బస్సు కట్టించుకుని వెళ్తారు. చేతుల్లో చిన్న చిన్న ఆవుగంటలు, ఆడవాళ్ళందరికీ రెండేసి జడలు. అరవయ్యో పడిలో ఉన్నవాళ్ళు కూడా ఎర్ర రిబ్బన్లు కట్టుకుని బస్సు దిగుతుంటే చూసేవాళ్ళు ముచ్చటపడేవారు. నాకు మాత్రం ఆ రిబ్బన్లు చూస్తే మొదట్నుంచీ వెన్నులో చలి పుట్టేది.

"మరేం చేద్దాం? ఈలలేసి దింపేద్దామా? కావాలంటే నా బస్సు హారన్ ఊడబీక్కొస్తా," అన్నాడు హోకన్. ఊరి బస్సు నడిపే మనిషి, బొంగురు గొంతు, ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం.

అందరూ నవ్వారు. గున్నెల్ కూడా నవ్వింది.

"ఛ, మనం అలాంటివాళ్ళమా హోకన్? ఆవు అడవిలోకి పోతే కర్ర పుచ్చుకుని వెంటపడతామా? పిలుస్తాం. ప్రేమగా పిలుస్తాం. తనే వస్తుంది."

"రాకపోతే?"

"రాని ఆవుని నేనింతవరకూ చూళ్ళేదు," అంది గున్నెల్, అతని పళ్ళెంలో ఇంకో ముక్క కేకు పెడుతూ.

పథకం చాలా తేలిక. వేసవి పండుగకి ఊరి పార్కులో లోవిసా పాట కచేరీ ఉంది. కొత్త పాటల్లో ముఖ్యమైనదాన్ని జనం ముందు పాడటం అదే మొదలు. ఆ పాట రెండో చరణంలోకి వచ్చాక సంఘం లోంచి ఒక గొంతు "ఊ..." అని ఆవు పిలుపు అందుకుంటుంది. ఆ గొంతు వినపడిన మరుక్షణం వందమందీ గంటలు మోగిస్తూ పాత పాట ఎత్తుకుంటారు. లోవిసా కలిసి పాడేదాకా ఆపరు.

"పిలుపు మన ఇల్వా పిలుస్తుంది. ఎవరికైనా అభ్యంతరమా?" అంది గున్నెల్.

ఆ ఊళ్ళో అభ్యంతరమా అని అడిగితే ఎవరూ నోరెత్తరు. నోరెత్తకపోతే సరేనన్నట్టు. అంతా చాలా మర్యాదగా, ఒక్క గొంతూ పెరక్కుండా జరిగిపోతుంది. ఇల్వా నోట్లో అప్పుడు కేకు ఉంది. మింగేలోపల సుత్తి పడింది.

ఇల్వాకి ఇరవై మూడేళ్ళు. ముసలివాళ్ళ ఆశ్రమం వంటింట్లో పని. తండ్రి ఇల్లు విడిచిపోయిన ఏడాది, పన్నెండేళ్ళ పిల్లగా సంఘంలో చేరింది. అప్పట్నుంచీ పుట్టినరోజులు గున్నెల్ ఇంట్లోనే, జ్వరమొస్తే సూప్ గున్నెల్ చేతిదే. కొండ పిలుపు పిలవడంలో ఆ చుట్టుపక్కల ఆమెకు సాటి లేదు. సన్నగా లేచి, సరస్సు దాటి, అవతలి ఒడ్డున కొట్టుకుని తిరిగొచ్చే గొంతు. సంఘంలో ఏ పాటైనా ముందు ఇల్వా ఎత్తుకోవాలి, మిగతావాళ్ళు అందుకోవాలి. ఆమె శ్రుతి ఇవ్వనిదే వాళ్ళకి నోరు పెగలదు.

ఆమె దగ్గరొక రహస్యం ఉంది. కొత్త రికార్డు బయటికొచ్చిన రాత్రినుంచీ చెవుల్లో పెట్టుకుని వింటోంది. బస్సులో వింటుంది, గిన్నెలు తోముతూ వింటుంది. 'బొత్తాలు' అనే పాట వచ్చినప్పుడల్లా చేస్తున్న పని ఆపేస్తుంది.

చిన్నప్పటి గౌను నాకిప్పుడు పట్టదు,
మీరింకా బొత్తాలు పెడుతూనే ఉన్నారు,
ఊపిరి తీసుకోనివ్వండి నన్ను.

ఆఖరి పాదంలో 'ఊపిరి' దగ్గర గొంతు ఒక్కసారిగా కొండెక్కుతుంది. అది విన్న మొదటిసారి ఇల్వా ఏడ్చింది. తన అద్దంలో తన రెండు జడలు చూసుకుని మరీ ఏడ్చింది. ఈ పాట నాకు నచ్చింది అన్న నాలుగు ముక్కలు గున్నెల్‌తో అనడానికి రోజూ బయల్దేరేది. వెళ్ళగానే గున్నెల్ తలుపు తీసి, "వచ్చావా నా బంగారం, చలిగా ఉందా?" అనేది. ఆ నాలుగు ముక్కలూ గొంతులోనే ఉండిపోయేవి.

సాధనలు బ్రహ్మాండంగా సాగాయి. నాలుగు శ్రుతుల్లో, ఎక్కడ ఊపిరి పీల్చాలో గుర్తులు పెట్టుకుని, గంటలు ఎప్పుడు మోగాలో లెక్క చూసుకుని నేర్చుకున్నారు. ఇంత ప్రేమగా, ఇంత క్రమశిక్షణతో ఒక మనిషి నోరు నొక్కడానికి తయారైనవాళ్ళని నేనింకెక్కడా చూళ్ళేదు. మధ్యలో విరామం, విరామంలో దాల్చినచెక్క బన్నులు.

పండుగ నాటి మధ్యాహ్నం వాళ్ళు ముందుగానే పార్కుకి చేరారు. సరస్సు మీదినుంచి గాలి లేదు. దోమలు ముసురుతున్నాయి. చెక్క వేదిక మీద మైకులు సరిచూసుకుని లోవిసా కిందికి దిగి, నేరుగా వాళ్ళ దగ్గరికే వచ్చింది. పొట్టి జుట్టులో చెవులు, మెడ కొత్తగా కనిపిస్తున్నాయి.

"ఏం హోకన్, బస్సు సరిగ్గా నడిపావా, మళ్ళీ కంచె గుద్దావా?"

"కంచే వచ్చి నన్ను గుద్దింది తల్లీ, ఎన్నిసార్లు చెప్పాలి?"

లోవిసా నవ్వి, ఇల్వా చెయ్యి పట్టుకుని రెండడుగులు పక్కకి లాగింది. చిన్నప్పట్నుంచీ వేదిక మీదినుంచి మొదట వెతికే మొహం ఇల్వాదే. ఇద్దరూ ఇంచుమించు ఒకే ఈడు.

"కొత్తవి విన్నావా?"

"విన్నాను."

"ఇవాళ 'బొత్తాలు' పాడుతున్నా. ఇదే మొదటిసారి. భయంగా ఉందే. రికార్డు కంపెనీ నుంచి ఒకాయన వచ్చాడు, సౌండ్ మిక్సింగ్ బల్ల దగ్గర ఉన్నాడు చూడు. జనం ఇవాళ ఎలా తీసుకుంటారో చూసి మిగతా సంగతి తేలుస్తాడట. జనం ఒప్పుకోకపోతే మళ్ళీ జడలే." లోవిసా నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు. "నిజం చెప్పు. నీకు నచ్చిందా?"

ఇల్వా నోరు తెరిచింది. భుజం పక్కన అగరు సబ్బు వాసన వేసింది. గున్నెల్ వచ్చి నిలబడింది, చిరునవ్వుతో, తనూ జవాబు వినడానికి వచ్చినట్టు.

"వేరుగా ఉంది," అంది ఇల్వా.

ఆ దేశంలో నా వంట ఎలా ఉందని అడిగినా, నా ఇల్లు ఎలా ఉందని అడిగినా, బాగాలేదు అని ఎవరూ అనరు. వేరుగా ఉంది అంటారు. అంతకంటే గట్టిగా చెంపదెబ్బ కొట్టే మాట వాళ్ళ భాషలో లేదు. లోవిసా చెయ్యి మెల్లగా ఇల్వా చేతిలోంచి జారిపోయింది.

"అవును, వేరే," అంది. "సరే. సాయంత్రం కలుద్దాం."

ఆమె వెళ్తుంటే ఇల్వా ఒక అడుగు ముందుకేసింది. వెనకే పరుగెత్తి, కాదు, నాకు ప్రాణమంత ఇష్టం అని అరవాలనిపించింది. అరవలేదు. అట్లపిండి వాసన వస్తున్న దుకాణం దగ్గర చాలాసేపు నిలబడి, చివరికి గున్నెల్ దగ్గరికొచ్చి నీళ్ళు నమిలింది.

"గున్నెల్, నా గొంతు బాగాలేదు ఇవాళ. వేరే ఎవరైనా పిలిస్తే..."

"ఏదీ, చూపించు." గున్నెల్ ఆమె గడ్డం పట్టి పైకెత్తి, చిన్నపిల్లకి చూసినట్టు గొంతు చూసింది. సంచీలోంచి తేనె బిళ్ళ తీసి నోట్లో పెట్టింది. వెనక్కి తిప్పి ఆమె జడలు విప్పి మళ్ళీ బిగించి అల్లడం మొదలుపెట్టింది. "భయమేస్తోంది, అంతేగా? పిచ్చిదానా, నువ్వు చేయాల్సింది ఎంతని? నోరు తెరిచి ఊ అను, చాలు. నీ గొంతు వినపడితే చాలు, మేమందుకుంటాం. మిగతాదంతా మేం చూసుకుంటాం."

జడలు నెత్తి చర్మం లాగేసేంత బిగుతుగా పడ్డాయి. ఇల్వాకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ నొప్పిలోనే ఒక ఉపాయం తట్టింది, ఉపాయమనుకుంది పాపం: నోరు తెరవకపోతే సరి. గొడవ పడక్కర్లేదు, ఎవరి మనసూ నొప్పించక్కర్లేదు. నేను ఊ అనకపోతే వాళ్ళు మొదలుపెట్టలేరు. పాట సాగిపోతుంది.

సాయంత్రమైనా ఎండ పోలేదు. ఆ రోజుల్లో అక్కడ సూర్యుడికి ఇంటి ధ్యాస ఉండదు. పార్కు నిండిపోయింది. పిల్లల బళ్ళు, సాసేజీలు తినే కుటుంబాలు, వేదిక ముందు నాలుగు వరసల్లో చుక్క సంఘం. లోవిసా నల్లకోటుతో వచ్చి మొదటి పాట పాడింది. చప్పట్లు కొట్టారు, మర్యాదకి. రెండో పాట. చప్పట్లు ఇంకా మర్యాదగా వచ్చాయి. ముందు వరసలవాళ్ళు చేతులు కట్టుకుని, చిరునవ్వులు పెట్టుకుని నిలబడ్డారు. ఏ ఒక్కరూ మొహం చిట్లించలేదు. ఆ చిరునవ్వుల్ని చూస్తూ పాడటం కంటే రాళ్ళు రువ్వే గుంపు ముందు పాడటం నయం.

"ఇది కొత్త పాట. దీన్ని మీరు..." అని ఆగింది లోవిసా. మాట మార్చుకుంది. "వినండి."

గిటారు ఒక్కటే మొదలైంది. 'బొత్తాలు'. మొదటి చరణం అయింది. వెనక పచ్చిక మీద కూర్చున్నవాళ్ళెవరో తినడం మానేసి తలెత్తారు. ఒక ముసలాయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇల్వా అది చూసింది. అందుకుంటోంది, పాట జనాన్ని అందుకుంటోంది అనుకుంది.

రెండో చరణం వచ్చింది. గున్నెల్ చెయ్యి మెల్లగా గాల్లోకి లేచింది.

ఇల్వా పెదాలు బిగించింది. పళ్ళు కూడా బిగించింది. చెయ్యి గాల్లోనే ఉంది. వరసలో ఒక్కొక్కరే తలతిప్పి ఆమెకేసి చూడసాగారు. హోకన్ కనుబొమలెగరేశాడు. వెనకనుంచి ఎవరిదో వేలు ఆమె వీపు మీద మెత్తగా తట్టింది. గున్నెల్ ఆమె వైపు తిరిగి, తరగతిలో పాఠం మర్చిపోయిన పిల్లకి అందించినట్టు, పెదాలతో చప్పుడు లేకుండా 'ఊ' అని చూపించింది. ఇల్వా తల వంచుకుంది.

చరణం అయిపోయింది. గున్నెల్ చెయ్యి కిందికి దిగింది. చిరునవ్వు మాత్రం దిగలేదు.

ఇల్వా ఒళ్ళంతా తేలికైపోయింది. జీవితంలో మొదటిసారి ఆవిడ మాట కాదంది. నోరు విప్పకుండానే కాదంది. వేదికకేసి తలెత్తి చూసింది. లోవిసా ఆఖరి పాదానికి వస్తోంది. గొంతు కొండెక్కాల్సిన చోటు. ఆమె కళ్ళు ముందు వరసల్ని ఆ చివర్నుంచి ఈ చివరికి వెతికాయి. కట్టుకున్న చేతులు, ఎర్ర రిబ్బన్లు, చిరునవ్వులు. లోవిసా ఊపిరి తీసుకుంది. గొంతు లేవలేదు.

ఒట్టి గాలి వినిపించింది మైకులో. గిటారు అతను తెలివైనవాడు, ఆ పాదాన్నే మళ్ళీ వాయించాడు, అందుకోమన్నట్టు. లోవిసా మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ గాలే. ఆమె చెయ్యి మెడ మీదికి పోయింది. బెదిరిపోయిన కళ్ళు ఇల్వా మొహం మీద ఆగాయి. ఏ ఊళ్ళో పాడినా మొదట వెతికే మొహం అదే కదా.

ఇల్వాకి ఇంక ఏ ఆలోచనా లేదు. పడిపోతున్న మనిషికి చెయ్యందించడానికి ఆలోచిస్తామా? గిటారు మూడోసారి ఆ చోటికి రాగానే ఆ పాదాన్ని తనే ఎత్తుకుంది. బస్సుల్లో, గిన్నెల దగ్గర, పెదాల లోపలే పాడుకున్న పాదం. "ఊపిరి" అని. గొంతు సన్నగా, నిటారుగా, సరస్సు దాటిపోయేంత పైకి లేచింది.

"ఊ..."

తక్కిన రెండక్షరాలు ఆమె నోట్లో ఉండగానే గంటలు మోగాయి.

వందమందీ ఒక్కసారి అందుకున్నారు. నాలుగు శ్రుతుల్లో, ఎక్కడా పొల్లు పోకుండా. 'ఇంటికి రావే, చుక్కా.' వాళ్ళకి ఆమె ఊ అంటే ఒకటే అర్థం. ఆమె శ్రుతి ఇచ్చింది, వాళ్ళు ఎత్తుకున్నారు, అంతే. ఇల్వా వెర్రెత్తినట్టు వెనక్కి తిరిగి, "కాదు! ఇది కాదు! ఆపండి!" అని అరిచింది. ఆ గంటల హోరులో ఆమె మాట ఆమెకే వినపడలేదు. పక్కనున్నావిడ ఆనందంతో ఆమెను వాటేసుకుంది. వేదిక మీదినుంచి చూసేవాళ్ళకి ఇల్వా నోరు అందరి నోళ్ళలాగే కదులుతోంది.

లోవిసా చూసింది. ఆ అరక్షణంలో, 'ఊ' లేచినప్పుడు, ఆమె మొహం వికసించడం ఇల్వాకి కనిపించింది. మళ్ళీ అదే మొహం తలుపు వేసినట్టు మూసుకుపోవడమూ కనిపించింది.

గిటారు ఆగిపోయింది. డ్రమ్స్ కుర్రాడు అటూ ఇటూ చూసి, ఏం చేయాలో తోచక, పాత డిస్కో దరువు అందుకున్నాడు. పార్కంతా హుషారెత్తిపోయింది. సాసేజీలు చేత్తో పట్టుకుని లేచారు, పిల్లల్ని భుజాల కెక్కించుకున్నారు. ఇందాక టోపీ తీసిన ముసలాయన టోపీ మళ్ళీ పెట్టుకుని చప్పట్లు కొడుతున్నాడు. మిక్సింగ్ బల్ల దగ్గర కంపెనీ ఆయన వేళ్ళతో తాళం వేస్తూ తలూపుతున్నాడు.

ఒక చరణం అయింది, రెండు అయ్యాయి. వాళ్ళు ఆపలేదు. మూడోసారి పల్లవికి వచ్చినప్పుడు లోవిసా మోకాళ్ళు దగ్గరికి చేరాయి. పాదాలు లోపలికి తిరిగాయి. తల ఒక పక్కకి వాలింది. పన్నెండేళ్ళ పిల్ల గొంతు మైకులోంచి సన్నగా, తియ్యగా వచ్చింది. ఆ పొట్టి జుట్టు కింద ఆ గొంతు వినలేక ఇల్వా మొహం తిప్పుకుంది. గున్నెల్ బుగ్గల మీద కన్నీళ్ళు కారుతున్నాయి.

"వచ్చేసింది," అంది హోకన్ చెయ్యి పిసికేస్తూ. "చెప్పానా? తనే వచ్చేసింది."

హోకన్ ఈసారి వేళాకోళమాడలేదు. అతను ఇల్వా మొహం చూశాడు, చూసి వెంటనే కళ్ళు దించుకున్నాడు.

పాట అయ్యేసరికి చప్పట్లకి దోమలు కూడా పారిపోయాయి. లోవిసా చెయ్యెత్తి అందరినీ ఊరుకోబెట్టింది. ఆ పిల్లగొంతుతోనే, "నన్ను ఇంటికి పిలిచిందెవరో తెలుసా మీకు? నా ఇల్వా! పైకి రా, ఇల్వా!" అంది.

పార్కంతా కలిసి ఆమెను మోసుకెళ్ళి వేదిక మెట్ల మీద పెట్టింది. ఎన్ని చేతులు నెట్టాయో ఆమెకే తెలియదు. పైన నిలబడితే కింద వందల మొహాలు, అన్నీ ప్రేమతో మెరిసిపోతున్నాయి. లోవిసా ఆమె మణికట్టు పట్టుకుంది. 

"లోవిసా, నేను నీ పాటే..."

మైకు ఇద్దరి మధ్యా ఉంది. 'నేను నీ పాటే' అన్న ముక్క పార్కంతా మోగింది. ఎంత బాగా చెప్పింది అన్నట్టు జనం చప్పట్లు కొట్టారు. లోవిసా మైకుని అరచేత్తో మూసేసింది. కింద జనానికి కనిపించేలా నవ్వుతూనే ఉంది. ఆ నవ్వుతోనే ఇల్వా చెవి దగ్గరికి వంగింది. ఇప్పుడా గొంతు పన్నెండేళ్ళ పిల్లది కాదు.

"పిలిచింది నువ్వేగా? వచ్చాను. ఇక ఆపకు."

"కాదు, విను, నేను ఊపిరి అని..."

"ఆపితే వాళ్ళు మళ్ళీ నాకేసి చూస్తారు. పాడు."

అరచెయ్యి తీసేసింది. డ్రమ్ మోగింది. కింద గున్నెల్ చెయ్యి లేచింది, గంటలన్నీ సిద్ధంగా గాల్లో ఆగాయి, వందమందీ ఊపిరి బిగపట్టి ఇల్వా నోటికేసి చూస్తున్నారు. ఇల్వా నోరు తెరిచి ఊ అంది. ఆ సాయంత్రం పాతవి ఒక్కటి మిగల్చకుండా అన్నీ పాడించుకున్నారు వాళ్ళు, పాట మారినప్పుడల్లా మణికట్టు మీద లోవిసా గోళ్ళు ఇంకాస్త లోపలికి దిగుతుంటే ఇల్వా ప్రతిదీ తనే ఎత్తుకుంది.